సేనా మెడల్ రిబ్బను మీద అడ్డపట్టీ ఉందంటే రెండో మెడల్ పోయిందని కాదు

ఉదయగిరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వాళ్ల తాతగారు ఆర్మీలో సుబేదారుగా చేసి 1990ల మొదట్లో రిటైరయ్యారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో మెడల్స్ దొరికాయి. అందులో సేనా మెడల్ ఒకటే ఉంది, కానీ దాని ఎర్ర రిబ్బను మీద అడ్డంగా ఒక సన్నని పట్టీ ఉంది. తాతగారికి సేనా మెడల్ రెండుసార్లు వచ్చిందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునేవారట. "మరి రెండోది ఏమైంది? ఎవరైనా తీసుకున్నారా? ఇంకో మెడల్ మీద హిందీ అక్షరాలున్న పట్టీ కూడా ఉంది, అదీ ఇదీ ఒకటేనా?" అని అడిగాడు.

ముందు మీ టెన్షన్ తీరే మాట చెబుతాను. రెండో మెడల్ పోలేదు, అసలు ఇవ్వరు. ఒకసారి వచ్చిన శౌర్య పతకమే మళ్లీ వస్తే ఇంకో పతకం చేతికివ్వరు. మొదటి పతకం వేలాడే రిబ్బనుకి అడ్డంగా ఒక లోహపు పట్టీ జోడిస్తారు. దాన్ని "బార్" అంటారు. మీరు చూస్తున్న పట్టీయే మీ తాతగారి రెండో సేనా మెడల్. హిందీ అక్షరాల పట్టీ మాత్రం దీనికి సంబంధించింది కాదు, దాని సంగతి కింద చెబుతాను.

నేను 24 ఏళ్లు ఆర్మీలో చేశాను. అందులో ఎక్కువ కాలం యూనిట్ ఆఫీసులో క్లర్కుని. పార్ట్ టూ ఆర్డర్లు (సైనికుడి సర్వీసు వివరాలు నమోదు చేసే ఆదేశాలు) రాయడం, అవార్డుల కాగితాలు కదిలించడం నా పని. ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. గిద్దలూరు, కంభం, పొదిలి, కావలి వైపు నుంచి తెలిసిన మాజీ సైనికుల ఇళ్లవాళ్లు మెడల్స్ తెచ్చి వరస సరిచేయించుకుంటారు. అలా చూసిన పెట్టెలు చాలానే ఉన్నాయి. మీరు అడిగిన సందేహం వాటిలో సగం ఇళ్లలో ఉంది.

మన దేశంలో ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చెబుతాను. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర 1950 జనవరి 26న ఏర్పాటయ్యాయి. 1947 ఆగస్టు 15 నుంచి జరిగిన యుద్ధాలకు వర్తించేలా ఇచ్చారు. అదే గ్రహీత మళ్లీ అంతటి సాహసం చేస్తే దాన్ని బార్‌గా నమోదు చేయాలని వాటి నియమాల్లోనే ఉంది. మూడోసారి చేస్తే ఇంకో బార్. సేనా మెడల్, నౌసేనా మెడల్, వాయుసేనా మెడల్ 1960లో వచ్చాయి. వాటికీ ఇదే లెక్క. పరమ విశిష్ట, అతి విశిష్ట, విశిష్ట సేవా మెడల్స్‌కి కూడా బార్ ఉంటుంది.

మీ తాతగారి ఫోటోలో రొమ్ము మీద పట్టీ కనిపించలేదని, రిబ్బను ముక్క మీద ఏదో చిన్న గుర్తు మాత్రం ఉందని రాశారు. అందులో తేడా ఏమీ లేదు. మెడల్స్ పూర్తిగా వేలాడదీసుకునేది పరేడ్లకి, పెద్ద సందర్భాలకి. రోజువారీ యూనిఫాం మీద రిబ్బను ముక్కలే వరసగా పెట్టుకుంటారు. అంత చిన్న ముక్క మీద బార్ పట్టదు. అందుకే రిబ్బను ఒక్కటే పెట్టుకున్నప్పుడు ఒక్కో బార్‌కి ఒక్కో చిన్న గుర్తు పెడతారు. మహావీర చక్రకైతే ఆ చక్రం చిన్న నమూనా, పరమవీర చక్రకైతే ఇంద్రుడి వజ్రాయుధం చిన్న నమూనా అని నియమం. పరమవీర చక్ర ఇప్పటిదాకా 21 మందికే వచ్చింది, ఎవరికీ రెండుసార్లు రాలేదు. కాబట్టి ఆ ఊదారంగు రిబ్బను మీద బార్‌కి పెట్టే వజ్రాయుధాన్ని ఎవరూ ధరించే అవసరం పడలేదు.

లెక్కపెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: గుర్తులు ఎన్నుంటే దానికి ఒకటి కలపాలి. ఒక గుర్తు అంటే రెండుసార్లు, రెండు గుర్తులంటే మూడుసార్లు. మొదటిసారికి రిబ్బనే సాక్ష్యం. ఆఫీసర్ల పేర్ల తర్వాత రాసే నక్షత్రం గుర్తులకీ ఇదే లెక్క. ఇంటి ముందు నేమ్ బోర్డు మీద "ఎస్.ఎం.*" అని నక్షత్రం గుర్తు ఉంటే సేనా మెడల్, దాని మీద ఒక బార్ అని అర్థం. "వి.ఎస్.ఎం.**" అని రెండు నక్షత్రాలుంటే విశిష్ట సేవా మెడల్ మూడుసార్లు. నక్షత్రం ముద్రణలో పడిన తప్పనుకుని, పెళ్లి పత్రికలో తాతగారి పేరు పక్కన దాన్ని తీసేయించిన ఇల్లు నాకు తెలుసు. పత్రికలు పంచేశాక ఆ ఇంటి పెద్దావిడ చూసి చాలా బాధపడింది. ఒక మనిషి ప్రాణానికి తెగించిన రెండో రోజుని ఒక చుక్క మోస్తోంది, దాన్ని తీసేస్తే ఆ రోజు లేనట్టే అయిపోతుంది.

ఇప్పుడు ఆ హిందీ పట్టీ. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీరు పంపిన ఫోటోలో దాని మీద "హిమాలయ" అని ఉంది. అది సైన్య సేవా మెడల్ మీద ఉండే పట్టీ. దాన్ని "క్లాస్ప్" అంటారు. చూడ్డానికి రెండూ ఒకలాంటి పట్టీలే, అర్థం మాత్రం వేరు. బార్ "మళ్లీ వచ్చింది" అంటుంది, క్లాస్ప్ "ఎక్కడ చేశాడు" అంటుంది. సైన్య సేవా మెడల్ కష్టమైన వాతావరణం ఉన్న ప్రాంతాల్లో చేసిన సేవకి ఇచ్చేది. జమ్మూ కాశ్మీర్, నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్), హిమాలయ, బెంగాల్ అస్సాం ఇలా ప్రాంతం పేరుతో క్లాస్ప్ వస్తుంది. ఇద్దరు జవాన్లకి అదే మెడల్ ఉన్నా, ఎవరు ఎక్కడ ఉన్నారో క్లాస్ప్ చెబుతుంది. ఒకరికే రెండు మూడు క్లాస్ప్‌లు కూడా ఉండొచ్చు. అంతకు ముందటి జనరల్ సర్వీస్ మెడల్ 1947కి కూడా ఇలాగే క్లాస్ప్‌లు ఉండేవి. తొలి కాశ్మీర్ యుద్ధంలో ఉన్నవాళ్ల దగ్గర "జమ్మూ అండ్ కాశ్మీర్" అని ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తుంది. విదేశ్ సేవా మెడల్‌కైతే క్లాస్ప్ మీద దేశం పేరుంటుంది.

అందుకే నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: పట్టీని చూసే ముందు దాని కింద వేలాడే మెడల్ ఏదో చూడండి. అది వీర చక్ర, శౌర్య చక్ర, సేనా మెడల్ లాంటిదైతే పట్టీ బార్. అది ఫలానా చోట, ఫలానా యుద్ధంలో ఉన్నందుకు అందరికీ ఇచ్చే సర్వీస్ మెడల్ అయితే పట్టీ క్లాస్ప్. రిబ్బను రంగు తెలిస్తే పని సులువు. సేనా మెడల్‌ది ఎరుపు, మధ్యలో తెల్ల గీత. మహావీర చక్రది సగం తెలుపు, సగం కాషాయం. వీర చక్రది సగం ముదురు నీలం, సగం కాషాయం. అశోక, కీర్తి, శౌర్య చక్రలకి ముదురాకుపచ్చ మీద వరసగా ఒకటి, రెండు, మూడు కాషాయం గీతలు.

ఆత్మకూరు దగ్గర్నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ల తాతకి "రెండుసార్లు వీర పతకం" వచ్చిందని బడిలో ఉపన్యాసం చెప్పాడు, ఊళ్లో ఫ్లెక్సీ కూడా వేశారు. మెడల్ చూస్తే సైన్య సేవా, రెండు క్లాస్ప్‌లు. నేను నిజం చెబితే వాడి ముఖం చిన్నబోయింది. దాచి ఉంటే బాగుండేదా అని ఆ రాత్రి నేనూ ఆలోచించాను. చెప్పడమే మంచిదనిపించింది. ఎందుకంటే ఆ క్లాస్ప్‌లు తక్కువవి కావు. ఎండలకి పేరుపడ్డ ఊళ్లో పుట్టిన మనిషి, మంచు మొహం ఎరగనివాడు, హిమాలయాల్లో గుడారం వేసుకుని కాలం గడిపాడు. అది కూడా చెప్పుకోవాల్సిన సంగతే, దాన్ని దాని పేరుతోనే చెప్పుకోవాలి. తర్వాత వాళ్లు ఫ్లెక్సీ మార్చి, ఏ ప్రాంతాల్లో చేశాడో ఆ పేర్లు వేయించారు. నాకు ఫోటో పంపాడు.

రిబ్బను మీద కనిపించే ఇంకో గుర్తు తామర ఆకు. అది కూడా బార్ కాదు. యుద్ధ నివేదికలో ఒక జవాను పేరు ప్రత్యేకంగా ప్రస్తావిస్తే, "మెన్షన్ ఇన్ డిస్పాచెస్" అంటారు, ఆ యుద్ధం మెడల్ రిబ్బను మీద తామర ఆకు పెట్టుకుంటాడు. దానికి వేరే పతకం ఉండదు. ఐక్యరాజ్య సమితి శాంతి దళంలో చేసినవాళ్ల రిబ్బను మీద అంకె ఉంటే, ఆ మిషన్‌లో అన్నిసార్లు పనిచేశారని.

9 ఏళ్లు, 20 ఏళ్లు, 30 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్స్ గురించీ అడుగుతుంటారు. అవి దేనికదే వేరు మెడల్, ఒకదాని మీద ఒకటి బార్ కాదు. స్వాతంత్ర్యం 25వ, 50వ వార్షికోత్సవం మెడల్స్ కూడా అంతే.

ఒకే మనిషికి వేరు వేరు శౌర్య పతకాలు వస్తే మాత్రం దేనికది వస్తుంది, బార్ రాదు. సేనా మెడల్ తర్వాత వీర చక్ర వస్తే రెండు పతకాలు పక్కపక్కన ఉంటాయి. అదే పతకం మళ్లీ వస్తేనే బార్. ఈ రెండూ ఒకే మనిషి జీవితంలో చూడాలంటే లద్దాఖ్‌లోని నుబ్రా లోయకి చెందిన చేవాంగ్ రిన్‌చెన్ ఉన్నారు. 1948లో, 17 ఏళ్ల వయసులో, ఆయనకి మహావీర చక్ర వచ్చింది. 1962 యుద్ధానికి సేనా మెడల్ వచ్చింది, అది వేరే పతకం. 1971లో తుర్తుక్ ప్రాంతాన్ని పట్టుకున్నందుకు మళ్లీ మహావీర చక్ర ప్రకటించారు, అది బార్ అయ్యింది. మొదటిదానికీ బార్‌కీ మధ్య 23 ఏళ్లు. కుర్రాడిగా కాపాడిన లోయలోనే నడివయసులో మళ్లీ యుద్ధానికి దిగాడు. ఆయన ఫోటోలో ఆ చిన్న చక్రం గుర్తు చూసినప్పుడల్లా ఆ 23 ఏళ్లే నాకు గుర్తొస్తాయి.

మహావీర చక్ర మీద బార్ వచ్చినవాళ్లు మొత్తం ఆరుగురే. రిన్‌చెన్ కాక, జోజిలా కనుమ మీదికి ట్యాంకులు ఎక్కించి, 1965లో ఫస్ట్ ఆర్మర్డ్ డివిజన్ అనే ట్యాంకుల దళాన్ని నడిపిన రాజీందర్ సింగ్ "స్పారో" ఒకరు. తర్వాత ఆర్మీ చీఫ్ అయిన అరుణ్ శ్రీధర్ వైద్య 1965లో డెక్కన్ హార్స్ అనే ట్యాంకు రెజిమెంట్ కమాండర్‌గా ఒకటి, 1971లో ట్యాంకు బ్రిగేడ్ కమాండర్‌గా ఇంకోటి పొందారు. బ్రిగేడియర్ సంత్ సింగ్, వైమానిక దళం నుంచి జగ్ మోహన్ నాథ్, పద్మనాభ గౌతమ్ మిగిలిన ముగ్గురు. నాథ్ గారు బాంబులు వేసినందుకు కాదు, కాన్‌బెర్రా విమానంలో శత్రు భూభాగం మీద ఎగిరి ఫోటోలు తీసుకొచ్చినందుకు రెండుసార్లూ పొందారు.

బార్ అనేది మన దగ్గర పుట్టిన పద్ధతి కాదు, బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చింది. వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ చరిత్ర మొత్తంలో బార్ వచ్చింది ముగ్గురికే: ఆర్థర్ మార్టిన్-లీక్, నోయెల్ చావాస్, న్యూజిలాండ్‌కి చెందిన చార్లెస్ ఉఫామ్. మొదటి ఇద్దరూ డాక్టర్లు, గాయపడ్డవాళ్లని కాపాడుతూ తెచ్చుకున్నారు. మార్టిన్-లీక్‌కి 1902లో దక్షిణాఫ్రికాలో, 1914లో బెల్జియంలో వచ్చింది. ఆ రెండింటి మధ్య ఆయన ఉద్యోగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో డాక్టరు. హౌరా నుంచి మన వాల్తేరు దాకా ఉన్న రైల్వే అది.

బ్రిటిష్ కాలంలో మన సిపాయిలకి మాత్రం చాలా ఏళ్లు పద్ధతే వేరు. 1837లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు పెట్టిన ఆర్డర్ ఆఫ్ మెరిట్‌కి మూడు తరగతులు. మొదటి సాహసానికి మూడో తరగతి, మళ్లీ చేస్తే రెండో తరగతి, ఇంకా చేస్తే మొదటి తరగతి. అంటే రెండోసారిని పట్టీతో కాక మెట్టుతో గుర్తించారు. 1911 దాకా విక్టోరియా క్రాస్‌కి మన సిపాయిలు అర్హులే కారు, వాళ్లకి ఉన్న పెద్ద శౌర్య పతకం ఇదే. మీ ఇంట్లో ముత్తాతల నాటి కాగితాల్లో "సెకండ్ క్లాస్" అని ఉంటే తక్కువ రకం అనుకోకండి. అప్పటి నియమాల ప్రకారం అది రెండోసారి చేసిన సాహసం అయ్యుండొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం మెడల్స్ మన వైపు ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటి రిబ్బను మీద కంచు ఓక్ ఆకు ఉంటే అది యుద్ధ నివేదికలో ప్రస్తావన, మన తామర ఆకు లాంటిది. ఇంటర్నెట్‌లో వెతికితే "ఓక్ ఆకు అంటే పతకం మళ్లీ వచ్చినట్టు" అని వస్తుంది. అది అమెరికా ఆర్మీ పద్ధతి. వాళ్లకి ఒక్కో కంచు ఆకు ఒక్కో అదనపు అవార్డు, వెండి ఆకు ఐదింటికి సమానం. వాళ్ల నేవీ అయితే ఆకు బదులు నక్షత్రం వాడుతుంది. ఆకు ఒకటే అయినా దేశాన్ని బట్టి అర్థం మారిపోతుంది, ఆ పేజీ చూసి మీ తాతగారి లెక్క కట్టకండి.

ఇక మీరు చేయాల్సిన పని. బార్ ఉందంటే రెండు వేరు వేరు సంఘటనలు, రెండు వేరు ప్రకటనలు ఉంటాయి. మెడల్ అంచు చుట్టూ భూతద్దంతో చూడండి, నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. ఆ నంబరుతో డిశ్చార్జ్ బుక్ సరిపోల్చండి. అందులో అవార్డుల పేజీలో రెండు ఎంట్రీలు ఉండాలి. ఒకటే ఉంటే ఆయన రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకి రాయండి. నెల్లూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే కాగితం సరైన చోటికి చేరుతుంది. గెజిట్‌లో రెండోదాన్ని "బార్ టు సేనా మెడల్" అనే శీర్షిక కింద వెతకాలి. ఉత్త సేనా మెడల్ జాబితాలో వెతికి "లేదు" అని తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు. ఒక ఆఫీసులో గుమాస్తా ఇలాగే ఒక విధవరాలిని ఎనిమిది నెలలు తిప్పాడు. ఆయన చూసిన జాబితా సరైందే, చూడాల్సిన శీర్షిక చూడలేదు. పోలీసు గ్యాలంట్రీ మెడల్స్ జాబితాల్లోనూ "ఫస్ట్ బార్", "సెకండ్ బార్" అని విడిగానే వేస్తారు.

వెతికేటప్పుడు ఇంకో విషయం చూడండి. తర్వాతి కాలంలో సేనా మెడల్‌ని శౌర్యానికి, విశిష్ట సేవకి అని రెండుగా విడదీసి రాస్తున్నారు. మీ తాతగారివి అంతకు ముందువి. కాబట్టి ఒక్కోదానికి సైటేషన్ (పతకం ఎందుకిచ్చారో చెప్పే కాగితం) చదివితేనే దేనికి వచ్చిందో తెలుస్తుంది. ఇది డబ్బు విషయం కూడా. శౌర్య పతకాలకి నెలనెలా భత్యం ఉంది. 2017 ఆగస్టు 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం మహావీర చక్రకి 10,000, వీర చక్రకి 7,000, శౌర్యానికిచ్చిన సేనా మెడల్‌కి 2,000 రూపాయలు. బార్‌కి కూడా అసలు పతకంతో సమానంగా భత్యం ఉంది. మీ నాయనమ్మ ఉన్నారని రాశారు. ఆమె పెన్షన్ కాగితాల్లో బార్ నమోదైందో లేదో బ్యాంకులో, సంక్షేమ కార్యాలయంలో అడగండి. మొదటిదానికి మాత్రమే వస్తూ, రెండోది ఎవరూ అడగక ఏళ్ల తరబడి ఆగిపోయిన కేసు రాచర్ల వైపు ఒకటి చూశాను. పార్ట్ టూ ఆర్డర్ కాపీ దొరికాక కదిలింది.

చివరగా మెడల్ భద్రం సంగతి. దాన్ని చింతపండుతో, విభూతితో, పీతాంబరితో తోమకండి. అంచు మీద చెక్కిన పేరు అరిగిపోతుంది, అరిగిన పేరు మళ్లీ రాదు. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు మీరు దగ్గరుండండి. ఒక చోట ఫ్రేమ్ కట్టే ఆయన, పట్టీ వంకరగా ఉంది, అందం చెడుతోందని ఊడదీసి పక్కన పడేశాడు. ఆ ఇంటి కోడలు చెత్తలో వెతికి తెచ్చుకుంది. ఇంకో చోట రిబ్బను ముక్కలు కుట్టేవాళ్లు "రెండుసార్లు వచ్చింది కదా" అని ఒకే రంగు ముక్కలు రెండు పక్కపక్కన కుట్టి ఇచ్చారు. అది ఎప్పుడూ తప్పే. ఒకే ముక్క, దాని మీద గుర్తు, అంతే ఉండాలి.

రిబ్బను చిరిగి ఉంటే కొత్తది వేయించొచ్చు. బార్‌ని పాత రిబ్బను మీద ఎంత ఎత్తులో ఉందో ముందు ఫోటో తీసి, కొత్తదాని మీద అదే చోట బిగించండి. పాత రిబ్బను పారేయకండి. ఆయన రొమ్ము మీద ఉన్న గుడ్డ అది. కవర్లో పెట్టి మెడల్‌తోపాటే ఉంచండి. డిశ్చార్జ్ బుక్‌లో అవార్డుల పేజీ దొరికాక ఇక్కడే రాయండి, రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం ఎలా రాయాలో చెబుతాను.